విత్తు పట్టిన గంజాయి: మూడు శతాబ్దాల సందేహం

తాపీ నది సముద్రంలో కలిసే చోట, సూరత్ నగరానికి పడమటి దిక్కున ఉన్న హజీరా ద్వీపకల్పం నేడు ఉక్కు కర్మాగారానికీ, సహజవాయువు దిగుమతి అయ్యే రేవుకూ పేరు పొందింది. పదిహేడవ శతాబ్దంలో ఆ తీరానికి ఉన్న ప్రసిద్ధి వేరు. నదీముఖంలోని ఇసుక మేటల మూలంగా పెద్ద ఓడలు సూరత్ దాకా రాలేకపోయేవి. అందుచేత అవి హజీరాకు చేరువలోని సువాలీ రేవులో లంగరు దించేవి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన జాన్ ఫ్రయర్ 1670లలో సూరత్, బొంబాయి ప్రాంతాలలో కొన్నేళ్లు గడిపి, తన అనుభవాలను 1698లో గ్రంథరూపంలో ప్రకటించాడు. అందులో భంగును ప్రస్తావిస్తూ, అది పాలలో కలిపి తాగే మత్తు విత్తనమని రాశాడు.

చూసిన దానిని జాగ్రత్తగా నమోదు చేసే అలవాటున్న వైద్యుడు ఇక్కడ పొరబడ్డాడు. భంగు ఆకునుండి వస్తుంది. గంజాయి పూతకొసల నుండి వస్తుంది. చరసు పూతకొసలపై ఊరే జిగురు. విత్తులో మత్తు దాదాపు లేనే లేదు. పైగా గంజాయి పండించే రైతుకు తన చేనులో ఎన్నడూ కనిపించకూడదని కోరుకునేది ఏదైనా ఉంటే అది విత్తే. విత్తనం కోసమే సకల వ్యవసాయమూ సాగే దేశంలో, విత్తు పట్టకుండా కాపాడుకోవడమే పనిగా సాగిన సేద్యం ఇది ఒక్కటేనంటే అతిశయోక్తి కాబోదు. ఎంత కాపాడినా, మగమొక్క కనుచూపు మేరలో లేకపోయినా, తలుపులు మూసిన గదిలో పెంచినా, ఒక్కొక్కసారి ఆ మొక్క గింజ పట్టేది. ఎందుకు పట్టేదో తేలడానికి సుమారు మూడు వందల ఏండ్లు పట్టింది.

భంగ మన దేశానికి కొత్త పైరు కాదు. అథర్వవేదం పేర్కొన్న ఓషధులలో భంగ ఒకటి. నువ్వు, మినుము, అవిసె వంటి పైర్లు పండే చేలకు పదాలు ఎలా ఏర్పడతాయో చెప్పిన సూత్రంలోనే పాణిని భంగను కూడా చేర్చాడు. అనగా ఆ వ్యాకర్త కాలానికే భంగకు ప్రత్యేకంగా చేనూ, ఆ చేనుకొక పేరూ ఉన్నాయన్నమాట. అయితే ఆ చేను నార కోసమో, మందు కోసమో, మత్తు కోసమో సూత్రం చెప్పదు. చెప్పవలసిన అవసరం వ్యాకరణానికి లేదు.

ఈ మొక్క స్వభావం తెలుగు పాఠకులకు తేలికగానే అర్థమవుతుంది. తాడిచెట్లలో పోతుతాడి, పెంటితాడి అని రెండు విధాలున్నాయని పల్లెటూరి పిల్లవాడికి కూడా తెలుసు. పోతుతాడి కాయ కాయదు, పెంటితాడి కాస్తుంది. గంజాయిలోనూ అంతే. ఒక మొక్క మీద పుప్పొడి పూలు మాత్రమే ఉంటాయి, మరొక మొక్క మీద గింజ కట్టే పూలు మాత్రమే ఉంటాయి. పుప్పొడిని మోసేది తుమ్మెద కాదు, గాలి. పెంటి మొక్క పుప్పొడి కోసం ఎదురుచూస్తున్నంత కాలం పూగుత్తులను పెంచుకుంటూ, వాటిపై జిగురును ఊరిస్తూ పోతుంది. పుప్పొడి తగిలిన మరుక్షణం దాని శక్తి గింజల వైపు మళ్లుతుంది. జిగురు తగ్గుతుంది, గుత్తి పలచబడుతుంది, సరుకు విలువ పడిపోతుంది.

ఐరోపాలో ఈ జాతి మొక్కనే హెంప్ అన్న పేరుతో ఓడల తాళ్లకు, తెరచాపల బట్టకు విరివిగా పెంచేవారు. అక్కడి రైతులకు కూడా రెండు రకాల మొక్కలున్న సంగతి తెలుసు. కాని బలిష్ఠంగా పెరిగి గింజలిచ్చే మొక్కను మగదనీ, సన్నగా ఉండి త్వరగా వాడిపోయే పుప్పొడి మొక్కను ఆడదనీ వారు పిలుచుకున్నారు. ఇంగ్లీషులో గింజ మొక్కకు ‘కార్ల్’ అనగా మగవాడనీ, పుప్పొడి మొక్కకు ‘ఫింబుల్’ అనీ పేర్లు. ఈ ఫింబుల్, జర్మను భాషలోని ‘ఫెమెల్’, రెండూ స్త్రీవాచకమైన లాటిను పదం నుండి పుట్టినవే. బలం మగవాడి సొత్తన్న నమ్మకం ముందు, గింజ ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న నిలవలేదు కాబోలు.

ఈ తారుమారును సరిదిద్దినవాడు జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రుడాల్ఫ్ యాకోబ్ కామెరారియస్. 1694 ఆగస్టు 25న మిత్రునికి రాసిన సుదీర్ఘమైన లేఖలో అతడు మొక్కలలో లింగభేదం ఉన్నదని, పుప్పొడి లేనిదే సారవంతమైన గింజ ఏర్పడదని ప్రయోగపూర్వకంగా చూపించాడు. మల్బరీ, ఆముదం, మొక్కజొన్న, పాలకూర జాతి మొక్కలు అతని వాదనకు సాక్ష్యమిచ్చాయి. హెంప్ మాత్రం ఎదురు తిరిగింది. పొలం నుండి తెచ్చిన ఆడమొక్కలు గింజ పట్టాయి. పొలంలో ఉండగానే పుప్పొడి సోకి ఉంటుందన్న అనుమానంతో మరుసటి ఏడు అతడు హెంప్ గింజలను కుండీలో విత్తి ఆవరణలోపలే పెంచాడు. మగమొక్కలను పూలు విచ్చకముందే కోయించాడు. అయినా మిగిలిన ఆడమొక్కలు చాలా వరకు తాలు గింజలను, వాటితో పాటు మొలకెత్తగల గట్టి గింజలను కూడా ఇచ్చాయి. ఈ ఫలితం తనను కలవరపెట్టిందని అతడు దాచుకోకుండా రాశాడు. తన సిద్ధాంతానికి అడ్డువచ్చిన కుండీని పారవేసి, కుదిరిన ప్రయోగాలను మాత్రమే లోకానికి చూపడం అతనికి కష్టమయ్యేది కాదు. ఆ పని చేయకపోవడం వల్లనే ఈ చిక్కుముడి తరువాతి తరాలకు అందింది.

లిన్నేయస్ వద్దకు వచ్చేసరికి ఫలితం మారింది. 1760లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విద్వత్పరిషత్తు బహుమతి పొందిన వ్యాసంలో ఆ స్వీడిష్ పండితుడు తన ఇంటి కిటికీలలో పెంచిన రెండు హెంప్ కుండీల సంగతి వివరించాడు. ఒక కుండీలో మగ, ఆడ మొక్కలను కలిసి పెరగనిచ్చాడు. అవి గింజ పట్టాయి. ఇంటిలో వేరొక చోట ఉంచిన రెండవ కుండీ నుండి మగమొక్కలను గుర్తుపట్టిన వెంటనే పెరికివేశాడు. అందులోని ఆడమొక్కలు తమ పొడవాటి కీలాలను చాచుకుని చాలాకాలం వేచి ఉండి, చివరకు గింజ లేకుండానే వాడిపోయాయి. మొక్కల లింగభేదంపైనే తన వర్గీకరణను నిలిపిన పండితునికి ఇంతకన్న కావలసినదేమున్నది? కాని ఇరవై ఏండ్లు తిరగకముందే ఇటలీలో లజారో స్పలాంజానీ మళ్లీ హెంప్‌నే చేపట్టాడు. మగమొక్కల నుండి దూరం చేసి ఏకాంతంలో పెంచిన ఆడమొక్కలు అతని దగ్గర సారవంతమైన గింజలనిచ్చాయి. పుప్పొడి అన్ని మొక్కలకూ తప్పనిసరి కాదని అతడు తేల్చాడు. జంతువులలో గర్భధారణను గురించి ప్రామాణికమైన ప్రయోగాలు జరిపిన శాస్త్రజ్ఞుడు ఒక కుండీలోని మొక్కను నమ్మి దారి తప్పాడు. ఆ తరువాత పందొమ్మిదవ శతాబ్దం మధ్య దాకా ‘కన్యాజననం’ అన్న వాదానికి హెంప్ ఒక ఉదాహరణగా కొనసాగింది.

పండితులు కిటికీ కుండీల మీద తగవులాడుకుంటున్న కాలంలోనే, ఉత్తర బెంగాలులో ఈ సమస్యకు ఒక వృత్తి ఏర్పడి ఉంది. రాజషాహి జిల్లాలోని నౌగావ్ చుట్టుపక్కల, దినాజ్‌పూర్, బోగ్రా జిల్లాల సరిహద్దులను కలుపుకొని ‘గంజా మహల్’ అనే ప్రాంతం ఉండేది. అక్కడ వర్షాకాలంలో నారు పోసి, సెప్టెంబరు, అక్టోబరులలో నాటి, ఫిబ్రవరి, మార్చి నెలలలో కోత కోసేవారు. మధ్యలో, పైరు పూతకు రాబోయే ముందు, పోద్దారు వచ్చేవాడు. అతడు వరుస వెంట నడుస్తూ, పూలు ఇంకా విచ్చుకోని మొక్కలను చూపుతోనే పోల్చి, మగవాటిని విరిచివేస్తూ పోయేవాడు. ఒక్కసారితో పని తీరేది కాదు. కొన్ని రోజులకు మళ్లీ వచ్చేవాడు, ఆపైన మరొకసారి. చేను కొలతను బట్టి రైతులు అతనికి కూలి చెల్లించుకునేవారు. ఇంగ్లీషు అధికారులు అతనికి ‘గంజా డాక్టరు’ అని పేరు పెట్టారు. ఒక్క మగమొక్క తప్పిపోతే చుట్టుపక్కల చేలన్నీ గింజ పడతాయి గనుక పోద్దారు చూపు మీద ఊరంతటి ఆదాయం ఆధారపడి ఉండేది.

సర్కారు ఆదాయం కూడా అంతే. పంటను లైసెన్సు పొందిన రైతులే వేయాలి, సరుకు ప్రభుత్వ గిడ్డంగి దాటి పోరాదు, పన్ను తూకం మీద వసూలు కావాలి. బెంగాలులో చదును గంజాయి, గుండ్రటి గంజాయి, చూరు అని మూడు తరగతులుండేవి. కాడలు ఎంత తక్కువైతే పన్ను అంత ఎక్కువ. ఇటువంటి ఏర్పాటులో గింజ అందరికీ నష్టమే. తూకంలో కలిసి వచ్చే గింజకు వర్తకుడు పన్ను కట్టాలి, కొన్నవాడు డబ్బు కట్టాలి, వాడుకలో దాన్ని ఏరి పారవేయాలి. రెవెన్యూ శాఖకు వృక్షశాస్త్రం మీద ఆసక్తి పుట్టడానికి ఇంతకన్న కారణం అక్కరలేదు. బెంగాలు గంజాయి సాగు, వ్యాపారాలపై హేమచంద్ర కేర్ 1877లో సమర్పించిన నివేదిక ఆ ఆసక్తి ఫలమే.

1893 మార్చిలో బ్రిటిష్ కామన్స్ సభలో మద్యనిషేధవాది డబ్ల్యు. ఎస్. కెయిన్ గంజాయి వాడకం వల్ల కలిగే చెరుపుపై విచారణ కోరాడు. మొదట బెంగాలుకే పరిమితం చేయాలనుకున్న విచారణ యావద్దేశానికీ విస్తరించి, అదే ఏడు జూలైలో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌గా రూపొందింది. అధ్యక్షుడు మాక్వర్త్ యంగ్. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు. వారిలో ఒకరైన రాజా శశిశేఖరేశ్వర రాయ్ సంస్థానం తాహిర్‌పూర్ గంజాయి పండే రాజషాహి జిల్లాలోనే ఉండడం గమనించదగినది. 1193 మంది సాక్షులను విచారించి 1894 ఆగస్టులో కమిషన్ నివేదికపై సంతకాలు చేసింది. మితంగా వాడితే చెప్పుకోదగిన హాని లేదని, సంపూర్ణ నిషేధం అవసరం లేదని, సాగును కొన్ని చోట్లకు పరిమితం చేసి పన్ను విధించాలని దాని అభిప్రాయం. ఇద్దరు భారతీయ సభ్యులు వేరుగా భిన్నాభిప్రాయం రాశారు.

ఈ నివేదికలో తెలుగు నేల కూడా కనిపిస్తుంది. క్రమపద్ధతిలో గంజాయి పండే తావులుగా కమిషన్ గుర్తించినవి దేశంలో కొద్ది. బెంగాలులో నౌగావ్, మధ్యపరగణాలలో ఖండ్వా, బొంబాయి రాష్ట్రంలో అహ్మద్‌నగర్ ప్రాంతం, మద్రాసు రాష్ట్రంలో ఉత్తర ఆర్కాటు జిల్లా జవ్వాది కొండలు, కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా. బాపట్ల తాలూకాలో దగ్గుబాడు, సంతరావూరు గ్రామాలు ఈ సేద్యానికి కేంద్రాలు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ తాలూకా అందులో చేరింది. ఆ రెండు ఊళ్లూ నేడు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి. కృష్ణా డెల్టా దక్షిణపు అంచున, సముద్రపు గాలి ఎడతెగక వీచే చదును నేల అది. పుప్పొడికి అంతకన్న అనుకూలమైన చోటు ఊహించడం కష్టం. ఏ గట్టు మీదనో, ఏ పెరటిలోనో తనంతట తాను మొలిచిన ఒక్క పోతు మొక్క ఎంత దూరపు చేనుకు ముప్పు తెస్తుందో గాలికే తెలియాలి. సొంతానికి అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్క పెంచుకునే అలవాటును అరికట్టి, సాగును ఒకచోటికి చేర్చాలన్న కమిషన్ సూచన వెనుక ఉన్నది పన్ను లెక్కే. ఆచరణలో అది గింజ పట్టకుండా కాపాడే కంచె కూడా అయింది.

పోద్దారు మూడుసార్లు తిరిగినా బెంగాలు గంజాయిలో కొన్ని గింజలు ఉండనే ఉండేవి. దానికి కారణం వెదికినవాడు డేవిడ్ ప్రెయిన్. కలకత్తా వృక్షోద్యానంలో అధికారిగా ఉంటూ 1893లో గంజాయి సాగుపై నివేదిక రాసిన ఈ స్కాట్లండు వైద్యుడు, 1904లో ఆ మొక్క పూల నిర్మాణంపై మరొక ప్రత్యేక రచన ప్రకటించాడు. ఆడమొక్క అనుకున్న దానిపై పుప్పొడి తిత్తులున్న పూలు అక్కడక్కడ పుట్టుకురావడం, ఒకే గుత్తిలో రెండు విధాల పూలుండడం వంటి వికృతులను అతడు పరిశీలించాడు. ప్రెయిన్ ఆ తరువాత ఇంగ్లండులోని క్యూ ఉద్యానానికి డైరెక్టరయ్యాడు. అతనికి చేను చూపిన పోద్దార్లలో ఏ ఒక్కరి పేరూ చరిత్రకెక్కలేదు. మగమొక్కలను ఏరివేసిన చేనుకు అదే మనిషి మళ్లీ మళ్లీ ఎందుకు తిరిగి వస్తున్నాడని ఎవరైనా అడిగి ఉంటే, ఆలస్యంగా పైకి తేలే పోతుపూల సంగతి కామెరారియస్ కాలంలోనే తెలిసి ఉండేదేమో.

ముడి విప్పడంలో మరొక అడుగు అమెరికాలో పడింది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ షాఫ్నర్ 1919 మొదలు కొన్నేళ్లపాటు శీతకాలపు గాజుగృహంలో హెంప్ పెంచాడు. ఆరుబయట తమ కాలంలో పెరిగినప్పుడు చక్కగా ఆడ, మగగా విడిపోయే మొక్కలు, పగటి వెలుగు తక్కువైన గాజుగృహంలో లింగం మార్చుకుంటున్నాయని చూపాడు. ఆడమొక్క కొమ్మపై పోతుపూలు వచ్చాయి. మగమొక్కపై గింజ కట్టే పూలు వచ్చాయి. కామెరారియస్ గది, స్పలాంజానీ ఏకాంతవాసం ఒక్కసారిగా కొత్త వెలుగులో కనిపించాయి. మొక్కను లోపల పెట్టడమే దానిని మార్చివేసి ఉండవచ్చు. మగవాటి నుండి కాపాడడానికి కట్టిన గోడలే దానిలో మగపూలను పుట్టించాయన్నమాట. లిన్నేయస్ కుండీ గింజ పట్టకపోవడం అతని అదృష్టం.

బయటి గాలిని నమ్మి గోడలను మాత్రమే నిందించడానికి కూడా వీలు లేదు. మొరాకోలోని రిఫ్ కొండల గంజాయి చేల నుండి లేచిన పుప్పొడి మధ్యధరా సముద్రాన్ని దాటి దక్షిణ స్పెయిన్ నగరాల గాలిలో చేరుతున్నదని 1997లో ప్రకటితమైన పరిశోధన నిరూపించింది. తలుపు సందు ద్వారా వచ్చేది ఏదో, మొక్క లోపలనే పుట్టేది ఏదో విడదీసి చెప్పడం కష్టం.

ఆ విడదీత భారతీయ శాస్త్రజ్ఞుల చేతుల మీదుగా జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య హెచ్. వై. మోహన్‌రామ్, ఆయన సహచరులు 1970 నుండి ఈ మొక్కపై వరుసగా ప్రయోగాలు జరిపారు. ఎథిలీను వాయువును విడుదల చేసే రసాయనంతో మగమొక్కపై ఆడపూలు పూయించారు. జిబరెలిను అనే వృద్ధికారకంతో ఆడమొక్కపై మగపూలు పూయించారు. 1982లో మోహన్‌రామ్, సేఠ్ వెండి లవణాలతో ఎథిలీను ప్రభావాన్ని అడ్డుకొని, జన్యుపరంగా ఆడదైన మొక్కపై సారవంతమైన పుప్పొడినిచ్చే పూలను రప్పించినట్లు ప్రకటించారు. మొక్కలోని ఎథిలీను, జిబరెలినుల తూకం ఒకవైపు మొగ్గితే ఆడపూలు, మరొకవైపు మొగ్గితే మగపూలు. జన్యువులు మొగ్గు చూపుతాయి; కాంతి, వేడి, దెబ్బ, ముదిమి వంటివి ఆ తూకాన్ని కదిలిస్తాయి. అటువంటి పుప్పొడిలో మగ లక్షణాన్నిచ్చే వై క్రోమోజోము ఉండదు గనుక, పుట్టిన గింజలన్నీ ఆడమొక్కలే అవుతాయి. కన్యాజననమని పండితులు భ్రమపడినది ఆత్మపరాగ సంపర్కం. నేడు పాశ్చాత్య దేశాలలో సాగే ఆడవిత్తన పరిశ్రమ అంతా ఈ తత్త్వంపైనే నిలిచి ఉంది. ఇంత ప్రయోజనకరమైన పని ఢిల్లీలో జరిగిందన్న సంగతి మన దేశంలో వృక్షశాస్త్ర విభాగాల వెలుపల ఎక్కువ మందికి తెలియదు.

బెంగాలు గంజా మహల్ విభజనానంతరం తూర్పు పాకిస్తానులోకి, ఆపై బంగ్లాదేశ్‌లోకి వెళ్లింది. 1917లో ఏర్పడిన నౌగావ్ గంజాయి రైతుల సహకార సంఘం చిరకాలం ఆ సాగును నడిపింది. 1987లో అక్కడ సాగు నిషిద్ధమైంది. పోద్దారు వృత్తి దానితోనే ముగిసింది.

విత్తు తగవు మాత్రం ముగియలేదు. చేను నుండి కచేరీకి మారింది. 1985లో భారత పార్లమెంటు ఆమోదించిన మాదకద్రవ్యాల చట్టం, 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందాన్ని అనుసరించి, గంజాయి అంటే ఆ మొక్క పూసిన లేదా కాసిన కొసలని నిర్వచించింది. కొసలతో కలిసి లేని ఆకులను, గింజలను ఆ నిర్వచనం నుండి మినహాయించింది. పోద్దారు దృష్టిలో పూసిన కొసకూ కాసిన కొసకూ మధ్య హస్తిమశకాంతరం ఉండగా, చట్టానికి రెండూ ఒకటే. 2001 అక్టోబరు 19 నాటి ప్రకటన ప్రకారం ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం, ఇరవై కిలోలకు మించితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే శిక్ష పదేళ్లకు తగ్గదు, బెయిలు దొరకడం దుర్లభం. అందుచేత పట్టుబడిన మూటలో గింజల, కాడల బరువు ఎంత, దానిని తూకంలో కలపాలా తీసివేయాలా అన్న ప్రశ్న హైకోర్టుల ముందు పదేపదే వస్తున్నది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలలో నుండి కూలికి మూటలు మోసి పట్టుబడిన గిరిజన యువకునికి ఆ గింజల తూకమే పదేళ్ల కారాగారానికీ, ఇంటికి తిరిగి వెళ్లడానికీ మధ్య తేడా కావచ్చు.

ఇంకొక వైపు, ఉత్తరాఖండ్ ప్రభుత్వం మత్తు తక్కువగా ఉన్న హెంప్‌ను నార, గింజల కోసం పండించడానికి 2018 నుండి లైసెన్సులిస్తున్నది. 2021 నవంబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ హెంప్ గింజలను, వాటి నూనెను, పిండిని ఆహారపదార్థాలుగా గుర్తిస్తూ ప్రమాణాలు ప్రకటించింది. కుమావూఁ కొండల వంటిళ్లలో భంగు గింజల పచ్చడి అంతకు ఎన్నో తరాల ముందు నుండే నూరుకుంటున్నారు. మత్తు విత్తనమని ఫ్రయర్ రాసిన ఆ గింజ నేడు మాంసకృత్తులు నిండిన బలవర్ధకాహారంగా చట్టబద్ధంగా అంగళ్లలో అమ్ముడవుతున్నది. అదే గింజ పూగుత్తిలో ఉండగా పట్టుబడితే తూకానికి వస్తున్నది.